వన్యప్రాణి సిమ్యులేషన్ ఆటల్లో జీవితచక్ర క్వెస్టులు: అపోహలు – వాస్తవాలు

ప్లేయర్ ఒక జంతువుగా పుట్టి, పెరిగి, జతకట్టి, పిల్లలను సాకి, ముసలిదై చనిపోయే దాకా సాగే క్వెస్టులను, అంటే ఆటలో ప్లేయర్ ముందుంచే లక్ష్యాలను, రూపొందించడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే డిజైనర్లు కొన్ని గట్టి నమ్మకాలతో వస్తారు. వాటిలో చాలావరకు మనుషుల కథలతో నడిచే ఆటల నుంచి అరువు తెచ్చుకున్నవే. ఉదాహరణలకు ఎక్కువగా తోడేలునే తీసుకుంటున్నాను. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కులో 1995, 1996 సంవత్సరాల్లో కెనడా నుంచి తెచ్చిన 31 తోడేళ్లను వదిలినప్పటి నుంచి వాటి కుటుంబాలను ఏటా గమనిస్తూ వస్తున్నందువల్ల, డిజైనర్‌కు అక్కరకొచ్చే సమాచారం వాటి గురించి పుష్కలంగా దొరుకుతుంది.

అపోహ: దశలను వరుసగా పేర్చి, ఒకటి పూర్తికాగానే మరొకటి తెరిస్తే జీవితచక్రం సిద్ధమైనట్లే.

వాస్తవం: అలా పేరిస్తే చేతికొచ్చేది పనుల జాబితా మాత్రమే. జంతువు జీవితంలో కొత్త దశ తెరుచుకోవాలంటే ఋతువు, వయసు, ఒంట్లోని సత్తువ మూడూ కలిసిరావాలి. యెల్లోస్టోన్ తోడేళ్లు ఫిబ్రవరి ప్రాంతంలో జతకట్టి, సుమారు 63 రోజులు గర్భం మోసి, ఏప్రిల్‌లో పిల్లలను పెడతాయి. ప్లేయర్‌కు జూన్‌లోనే తోడు దొరికిందనుకుందాం. అప్పుడు శీతకాలం వచ్చే వరకు ఆ జంట హద్దుల వెంట వాసన గుర్తులు వేస్తూ, పొరుగు గుంపుల గుర్తులను పసిగడుతూ, బొరియకు అనువైన చోట్లను చూసుకుంటూ గడపాలి. అందుకే నేను క్వెస్టును ఆదేశంగా గాక షరతుల సమాహారంగా రాస్తాను: చలికాలం వచ్చిందా, తోడు పక్కనే ఉందా, ఆడతోడేలు బరువు తగ్గకుండా ఉందా, హద్దు గుర్తులు తాజాగా ఉన్నాయా. ఇవన్నీ సరిపోతే క్వెస్టు మొదలవుతుంది. ఏదైనా తప్పితే, ఓడిపోయారన్న ప్రకటన లేకుండా నిశ్శబ్దంగా వెనక్కి తగ్గుతుంది. టెస్టింగ్ బృందానికి ఇది పెద్ద తలనొప్పి అన్న మాట నిజమే గానీ, దాన్ని తప్పించే దగ్గరి దారి ఏదీ లేదు.

అపోహ: ఏడాదినంతా ఒకే నిష్పత్తిలో కుదిస్తే కాలం సమస్య తీరిపోతుంది.

వాస్తవం: లెక్క వేసి చూడండి. ఏడాదిని ఆరు గంటల ఆటగా కుదిస్తే గర్భకాలం గంటకు కాస్త ఎక్కువవుతుంది. పిల్లల కళ్లు తెరుచుకోవడానికి పట్టే దాదాపు రెండు వారాల కాలం 14 నిమిషాల్లో ముగుస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే నిష్పత్తిలో 20 నిమిషాల వేట ఒక్క సెకను కూడా నిలవదు. కాబట్టి ఆటలో రెండు గడియారాలు ఉండక తప్పదు: వేట, పోరు, వాసన పట్టడం వంటివి నిజ సమయానికి దగ్గరగా నడిచే గడియారంపైన, ఋతువులు, ఎదుగుదల కుదించిన గడియారంపైన సాగాలి. అసలు చిక్కు ఆకలితో వస్తుంది. దాన్ని ఋతువుల గడియారానికి కడితే తోడేలు నిమిషాల్లో మాడిపోతుంది. వేట గడియారానికి కడితే ఋతువంతా తినకుండానే గడిచిపోతుంది. ఒక ఋతువులో ప్లేయర్ ఎన్నిసార్లు వేటాడితే బాగుంటుందో ముందే నిర్ణయించుకుని, ఆకలి వేగాన్ని దాని నుంచి వెనక్కి లెక్కకట్టడమే నాకు కుదిరిన మార్గం.

అపోహ: పిల్లలకు ఆహారం తెచ్చే క్వెస్టుకు సంచీలాంటి ఇన్వెంటరీ (సేకరించినవి దాచుకునే చోటు) అవసరం.

వాస్తవం: తోడేలు సంచీ దాని కడుపే. పెద్ద తోడేలు ఒక్క విడతలో తొమ్మిది కిలోల దాకా మాంసం తినగలదు. బొరియకు తిరిగి వచ్చాక పిల్లలు మూతి నాకితే, కడుపులోని మాంసాన్ని వాటి ముందు కక్కుతుంది. డిజైనర్‌కు ఇంతకంటే మంచి ముడిసరుకు దొరకదు. తిన్నదంతా దారిలో కొద్దికొద్దిగా అరుగుతుంది కనుక, బొరియకు దూరంగా వేటాడిన ప్లేయర్ తక్కువ ఆహారంతో తిరిగివస్తాడు. దగ్గరలో ఉన్న చిన్న జంతువా, దూరాన ఉన్న ఎల్క్ అనే పెద్ద జింకా అన్న ప్రశ్న ఏ సూచనా ఇవ్వకుండానే అతని ముందుకు వస్తుంది. దీనికి తెరపై కొలత చూపే మీటర్ పెట్టవద్దనే నా సలహా. పొట్ట ఉబ్బెత్తుగా కనిపించడం, నడక బరువెక్కడం చాలు.

అపోహ: వేట తరచూ విఫలమైతే ప్లేయర్ ఆట వదిలేస్తాడు.

వాస్తవం: పెద్ద జంతువులపై తోడేళ్ల వేటల్లో ఎక్కువ భాగం విఫలమయ్యేవే. ప్లేయర్‌ను విసిగించేది వైఫల్యం కాదు, కారణం తెలియని వైఫల్యం. పరుగెత్తకుండా ఎదురు నిలబడిన ఎల్క్ బతికిపోయే అవకాశం ఎక్కువ. కుంటినడక, గుంపులో వెనకబడటం బలహీనతకు గుర్తులు. ఈ సంకేతాలు యానిమేషన్‌లో స్పష్టంగా ఉంటే, విఫలమైన వేట కూడా తర్వాతి వేటకు పాఠమవుతుంది.

అపోహ: గుంపు నాయకుడిని ఓడించి ‘ఆల్ఫా’ కావడమే యౌవన దశకు తగిన క్వెస్టు.

వాస్తవం: ఈ భావనకు మూలం జూలో బంధించిన తోడేళ్లపై జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన అధ్యయనం. అడవిలోని గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, వాటి పిల్లలు కలిసిన కుటుంబమేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెచ్ 1999లో వివరించారు. కాబట్టి తండ్రిపై తిరగబడే క్వెస్టుకు ఆధారం లేదు. ఒకటి నుంచి మూడేళ్ల వయసులో ఇల్లు వదిలి, పరాయి గుంపుల హద్దుల మధ్య ఒంటరిగా తిరుగుతూ తోడును వెతుక్కోవడమే అసలైన యౌవన క్వెస్టు. నాటకీయతలో అది ఏ పోరుకూ తీసిపోదు.

అపోహ: పిల్లలు చనిపోతే ప్లేయర్ భరించలేడు కనుక ఆ అవకాశాన్ని తీసేయాలి.

వాస్తవం: తీసేస్తే పిల్లలను సాకే దశలో పణంగా పెట్టేది ఏమీ మిగలదు. యెల్లోస్టోన్‌లో 2005, 2008 సంవత్సరాల్లో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వల్ల తోడేలు పిల్లలు పెద్దసంఖ్యలో చనిపోయాయి. అలాగని పాచిక వేసి పిల్లను చంపడం అన్యాయం. నీరసం, ఆటలకు దూరంగా ఉండటం వంటి లక్షణాలు ముందుగా కనిపించాలి. మరణాల తీవ్రతను తగ్గించుకునే సెట్టింగ్ కూడా ఉండాలి. చిన్నపిల్లలు ఆడే ఆటకైతే ఆ సెట్టింగ్ తప్పనిసరి.

అపోహ: ఒక జంతువుకు కుదిరిన చట్రం అన్నిటికీ కుదురుతుంది.

వాస్తవం: సముద్రపు తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, కాబట్టి దానికి పిల్లలను సాకే దశే లేదు. పసిఫిక్ సాల్మన్ చేపలు గుడ్లు పెట్టాక చనిపోతాయి. ఏనుగుకు గర్భకాలమే సుమారు 22 నెలలు. ప్రతి జాతికీ చట్రాన్ని మొదటి నుంచి వేసుకోవాల్సిందే.

అపోహ: ప్లేయర్ జంతువు చనిపోతే ఆట ముగిసినట్లే.

వాస్తవం: బతికి ఉన్న సంతానంలో ఒకదాన్ని ఎంచుకుని కొనసాగించవచ్చు. అయితే ఆట స్థితిని దాచే సేవ్ ఫైల్‌లో పాయింట్లకు బదులు బంధుత్వాలు, హద్దు గుర్తుల తాజాదనం, పొరుగు గుంపులతో పాత తగాదాలు నిల్వ ఉండాలి. వారసుడికి ఆ ప్రాంతం ఊరికే దక్కకూడదు. గుర్తులు పాతబడే కొద్దీ పొరుగు గుంపులు లోపలికి చొరబడటం మొదలుపెట్టాలి.