యజమాని మీదే ఫిర్యాదైతే ఎవరికి చెప్పుకోవాలి?

2025 ఆగస్టు 2న బెంగళూరులోని ప్రజాప్రతినిధుల ప్రత్యేక కోర్టు హాసన్ మాజీ ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణకు అత్యాచారం కేసులో యావజ్జీవ శిక్ష వేసింది. తాత మాజీ ప్రధాని, తండ్రి మాజీ మంత్రి. ఆయన మీద సాక్ష్యం చెప్పి నిలబడింది ఆ కుటుంబం ఫామ్‌హౌస్‌లో ఇంటిపని చేసిన ఒక ఆడమనిషి. వీడియోలు, జర్మనీ ప్రయాణం, ఎయిర్‌పోర్టులో అరెస్టు అంటూ బెంగళూరు తెలుగువాళ్లం కూడా దీన్ని రాజకీయ కుంభకోణంగానే చూశాం. నిజానికి ఇది పనిచోట జరిగిన నేరం. ఆమెకు ఆ ఇల్లే ఆఫీసు, ఆ కుటుంబమే మేనేజ్‌మెంట్.

నేరం జరిగింది 2021లో, కేసు నమోదైంది 2024లో. మూడేళ్లు ఎందుకు ఊరుకుందని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎమ్మెల్యే తండ్రి, ఎంపీ కొడుకు ఉన్న ఇంటి మీద ఆ ఇంట్లోనే జీతం తీసుకునే మనిషి ఎవరి దగ్గరికెళ్లి ఫిర్యాదు చేస్తుంది? ఆయనకు శిక్ష పడిన సెక్షన్లలో ఒకటి ఐపీసీ 376(2)(కె). స్త్రీ మీద పెత్తనం చెలాయించగల స్థానంలో ఉండి అత్యాచారం చేయడం గురించిన సెక్షన్ అది. చట్టంలోకి వచ్చింది 2013లో. పనిచోట లైంగిక వేధింపుల మీద ప్రత్యేక చట్టం, అంటే ఆఫీసుల్లో ‘పాష్’ అనేది కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆ చట్టం రావడానికి దారి వేసింది కూడా పేద ఆడమనిషే.

రాజస్థాన్‌లో జైపూర్ దగ్గర భటేరీ అనే పల్లె. అక్కడ కుమ్మరి కులానికి చెందిన భన్వరీ దేవి, రాష్ట్ర ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ‘సాథిన్’గా, అంటే ఊరి స్థాయి కార్యకర్తగా పనిచేసేది. 1992లో ఊళ్లో పలుకుబడి ఉన్న ఒక కుటుంబం ఏడాదైనా నిండని పాపకు పెళ్లి చేస్తుంటే ఆపబోయింది. అది ఆమె సొంత గొడవ కాదు, ప్రభుత్వం అప్పజెప్పిన పని. ఆ కక్షతోనే సెప్టెంబరు 22న ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995 నవంబరులో కింది కోర్టు నిందితులను అత్యాచారం నేరం నుంచి విడిచిపెట్టేసింది.

అంతకుముందే, 1992లోనే, మహిళా సంఘాలు వేరే ప్రశ్నతో సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఉద్యోగం చేస్తున్నందుకు ఆమెకు ఇది జరిగితే, ఉద్యోగం ఇచ్చినవాళ్ల బాధ్యత ఏమీ లేదా? 1997 ఆగస్టు 13న జస్టిస్ జె.ఎస్. వర్మ, సుజాతా మనోహర్, బి.ఎన్. కిర్పాల్ ఇచ్చిన విశాఖ తీర్పు ఆ ప్రశ్నకు జవాబు (‘విశాఖ’ ఇక్కడ ఊరు కాదు, కోర్టుకెళ్లిన సంఘాల్లో ఒకదాని పేరు). వేధింపు అంటే ఏమిటో చెప్పింది, ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలంది, పార్లమెంటు చట్టం చేసేదాకా ఈ మార్గదర్శకాలే చట్టమంది. భన్వరీ దేవి పేరు మీద దేశమంతా హక్కు సంపాదించుకుంది. ఆమె సొంత కేసు అప్పీలు మాత్రం హైకోర్టులో ఏళ్లూ పూళ్లూ మూలుగుతూ ఉండిపోయింది. ఈ అన్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

పార్లమెంటు చట్టం చేయడానికి 16 ఏళ్లు తీసుకుంది. ఆ కాలంలోనే బెంగళూరు ఐటీ నగరమైంది. ఇన్ఫోసిస్ అమ్మకాల విభాగం అధిపతి ఫణీశ్ మూర్తి మీద, ఆయన కింద పనిచేసిన ఉద్యోగిని అమెరికా కోర్టులో దావా వేసింది. 2002లో ఆయన కంపెనీ నుంచి వెళ్లిపోయారు. 2003లో 30 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. తప్పు జరిగిందని ఎవరూ ఒప్పుకోలేదు. అంత డబ్బు కట్టించింది అక్కడి కోర్టు భయం. అదే మాట ఇక్కడి ఆఫీసు నుంచి ఒక అమ్మాయి చెప్పి ఉంటే, ఆమె చేతిలో ఉండేది విశాఖ మార్గదర్శకాలు మాత్రమే.

2010లో వచ్చిన బిల్లులో ఇంటిపనివాళ్లు లేరు. యజమాని ఇంట్లోకి చట్టం ఎలా తొంగిచూస్తుందన్నది వాదన. పార్లమెంటు స్థాయీ సంఘం, మహిళా సంఘాలు గట్టిగా పట్టుబట్టాక వాళ్లనూ చేర్చారు. చట్టం 2013 డిసెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు సీనియర్ మహిళ కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బయటి నుంచి ఒకరు రావాలి. కమిటీ పెట్టకపోతే 50 వేల రూపాయల వరకు జరిమానా. ఔటర్ రింగు రోడ్డు మీద ఉన్న పెద్ద కంపెనీకి అది ఒక టీమ్ లంచ్ ఖర్చు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, కమిటీని వేసేది యజమానే. సాటి ఉద్యోగి మీద ఫిర్యాదైతే అది బాగానే పనిచేయవచ్చు. కంపెనీకి కోట్లు తెచ్చిపెట్టే మనిషి మీదైతే, ఆయన సంతకంతో ఇంక్రిమెంట్ తీసుకునే సభ్యురాలికి ఎంత టెన్షన్ ఉంటుందో ఉద్యోగం చేసే ఎవరికైనా తెలుసు. ఈ మాట చట్టం రాసినవాళ్లకూ తట్టింది. అందుకే యజమాని మీదే ఫిర్యాదు ఉంటే, లేదా పదిమంది కూడా లేని చోటైతే, జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి వెళ్లమంది. ఇంటిపనివాళ్ల దారి కూడా అదే. పైకి చూడగానే కేసు ఉందనిపిస్తే ఆ కమిటీ ఏడు రోజుల్లో వాళ్ల ఫిర్యాదును పోలీసులకు పంపాలి.

ఇప్పుడు హిందూపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చి వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్లు చేసుకునే ఆవిడ సంగతి చూద్దాం. గేటు దగ్గర యాప్‌లో ఆమె ఫోటో, ఫోన్ నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము అన్నీ ఉంటాయి. లోకల్ కమిటీ అడ్రసు ఉన్న కాగితం నేను చూసిన ఏ అపార్ట్‌మెంటు నోటీసు బోర్డులోనూ లేదు. ఎలాగో తెలుసుకున్నా, ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి, నిబంధనల ప్రకారం ఆరు కాపీలు ఇవ్వాలి. రాయలేకపోతే కమిటీయే సాయం చేయాలని చట్టంలో ఉంది, ఆ సంగతి ఆమెకు చెప్పే మనిషే లేదు. బొమ్మనహళ్లి, పీణ్యా గార్మెంట్స్‌లో టార్గెట్ పేరుతో సూపర్‌వైజర్ నోటికొచ్చినట్టు తిడుతుంటే మిషన్ ముందు కూర్చుని భరించే మన అనంతపురం పిల్లలకైతే, గోడ మీద కమిటీ పేర్లు అతికించినా అవి తెలుగులో ఉండవు.

2018 అక్టోబరులో ‘మీటూ’ వచ్చినప్పుడు ఆడవాళ్లు కమిటీలను పక్కనపెట్టి నేరుగా జనం ముందు మాట్లాడారు. జర్నలిస్టు ప్రియా రమణి లైంగిక వేధింపుల ఆరోపణ తర్వాత కేంద్ర మంత్రి ఎం.జె. అక్బర్ ఆమె మీద పరువునష్టం కేసు వేసి, ఆ వెంటనే రాజీనామా చేశారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలేసింది. దశాబ్దాల తర్వాతైనా, తనకు నచ్చిన ఏ వేదిక మీదైనా బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందని చెప్పింది. పాష్ చట్టం కింద మాత్రం గడువు మూడు నెలలు, కమిటీ ఒప్పుకుంటే మరో మూడు. ఫామ్‌హౌస్‌లో పనిచేసిన ఆవిడ ఆ దారిన వెళ్లి ఉంటే గడువు దాటిపోయిందని తిప్పి పంపేవాళ్లు. ఆమెను నిలబెట్టింది క్రిమినల్ చట్టం. అంత తీవ్రమైన నేరాలకు అక్కడ గడువు లేదు.

చట్టం వచ్చి పదేళ్లయినా అమలు ఎలా ఉందో 2023 మేలో సుప్రీంకోర్టే ఒక పత్రిక వార్తను చూపి ఎత్తిచూపింది: 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల చట్టం చెప్పినట్టు కమిటీ లేదు. 2024 డిసెంబరు 3న జస్టిస్ బి.వి. నాగరత్న ధర్మాసనం రాష్ట్రాలకు తేదీలు పెట్టింది. డిసెంబరు 31 కల్లా జిల్లాకో అధికారి, జనవరి 31 కల్లా లోకల్ కమిటీలు, తాలూకాల్లో, నగర వార్డుల్లో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారులు ఉండాలంది. మీ వార్డు నోడల్ అధికారి ఎవరో మీ అపార్ట్‌మెంటు అసోసియేషన్‌ను అడగండి. వాళ్లకు తెలియకపోతే డీసీ (జిల్లా కలెక్టర్) ఆఫీసును అడిగి, ఆ పేరు, ఫోన్ నంబరు కన్నడంలోనూ తెలుగులోనూ గేటు దగ్గర పెట్టించండి.