డెమోలో గెలిచే ఆయిల్ ఇంజిన్‌లో ఏం చేస్తుంది?

ఈ డెమో మీలో చాలామంది చూసే ఉంటారు. బల్ల మీద ఒక మోటారు, దానికి గిర్రున తిరిగే ఇనుప రింగు, ఆ రింగు మీద ఒక బేరింగ్ ముక్కని నొక్కి పట్టే పొడవాటి కడ్డీ. ముందు మామూలు ఇంజిన్ ఆయిల్ పోస్తారు. కడ్డీ చివర కాస్త బరువు వేయగానే కీచుమని చప్పుడు, మోటారు పట్టేస్తుంది, బేరింగ్ ముక్క తీసి చూపిస్తే దాని మీద లోతుగా గాటు. తర్వాత చిన్న సీసాలోంచి కొంచెం అడిటివ్, అంటే ఆయిల్‌లో విడిగా కలిపే మందు, కలుపుతారు. ఇక ఎంత బరువు వేసినా రింగు తిరుగుతూనే ఉంటుంది. "చూశారుగా సార్, మీ బండి ఇంజిన్‌లో జరిగేది కూడా ఇదే" అంటాడు అమ్మే అతను.

ఇందులో చాలాసార్లు కనికట్టు ఏమీ ఉండదు. ఆ మిషన్ మీద మామూలు ఆయిల్ నిజంగానే ఓడిపోతుంది, అడిటివ్ కలిపింది నిజంగానే గెలుస్తుంది. తేడా అంతా ఆయన ఆఖర్న అన్న మాటలోనే ఉంది. ఇంజిన్‌లో ఎక్కువ చోట్ల జరిగేది అది కాదు, ఈ సంగతి తెలిసి నూట నలభై ఏళ్లు అవుతోంది.

1883లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. నూనె పోయడానికి వీలుగా బేరింగ్ పైభాగంలో ఒక రంధ్రం వేయించాడు. ఇరుసు తిరగడం మొదలవగానే నూనె లోపలికి పోవడం మానేసి ఆ రంధ్రంలోంచి పైకి ఉబికి వచ్చింది. బిరడా పెట్టి మూస్తే దాన్ని తోసేసింది. చెక్క మేకు దిగ్గొడితే అదీ బయటికి వచ్చేసింది. అప్పుడు అక్కడ ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తే, లోపల నూనెకి ఉన్న ఒత్తిడి బేరింగ్ మోస్తున్న సగటు బరువు కన్నా చాలా ఎక్కువని తేలింది. 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దీనికి లెక్క కట్టి చూపించాడు. తిరిగే ఇరుసే నూనెని తనకీ బేరింగ్‌కీ మధ్యనున్న సన్నటి సందులోకి లాక్కుంటుంది, ఆ పొర మీద ఇరుసు తేలుతుంది, వాననీటి మీద స్పీడుగా పోయే కారు టైరు రోడ్డుని వదిలేసి తేలినట్టు. ఇనుముకీ ఇనుముకీ తాకిడే ఉండదు.

కారు ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని బేరింగులు పనిచేసేది ఇలాగే. డెమో మిషన్ మీద మాత్రం ఆ పొర నిలబడే అవకాశమే లేకుండా, చాలా చిన్న చోట విపరీతమైన బరువు పెట్టి ఇనుముని ఇనుముకి రాస్తారు. ఆ పద్ధతి అసలు 1930ల నాటి టిమ్‌కెన్ బేరింగుల కంపెనీ టెస్టు మిషన్‌ది. దాన్ని తయారు చేసింది ముఖ్యంగా గేర్ ఆయిల్, గ్రీజు లాంటివి ఎంత బరువు దాకా తట్టుకుంటాయో కొలవడానికి, ఇప్పటికీ ప్రమాణాల పుస్తకాల్లో ఆ టెస్టు ఉంది. దాని పని అది చేస్తుంది. కానీ ఇంజిన్ ఆయిల్ ఎన్నేళ్లు మన్నుతుందో, మసిని ఎంత మోస్తుందో, వేడికి ఎంత చిక్కబడుతుందో, బేరింగుని తినేస్తుందో లేదో, వీటిలో ఒక్కటీ ఆ మిషన్ చెప్పదు.

మరి ఆ సీసాలో గెలిపించేది ఏముంటుంది? చాలా డెమో సరుకుల్లో క్లోరిన్ కలిసిన పారఫిన్ ఉండేది. లేత్ మీద ఇనుము కోసేవాళ్లు వాడే కటింగ్ ఆయిల్‌లో ఇది పాత మందే. రాపిడికి పుట్టిన వేడిలో క్లోరిన్ ఇనుముతో కలిసి పైన పల్చని పూత కడుతుంది, దాంతో గీత పడదు. లేత్ దగ్గర పని అయ్యాక ఆ ముక్కని తుడిచేస్తారు. ఇంజిన్‌లో అలా కాదు కదా. పెట్రోలు మండినప్పుడల్లా నీటి ఆవిరి పుడుతుంది, ఆ తేమలో క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారి బేరింగుల్ని నెమ్మదిగా తింటుంది. సరదాకి ఇదే మిషన్ మీద షాంపూ పోసి, అది కూడా ఇంజిన్ ఆయిల్‌ని ఓడించడం చూపించినవాళ్లు ఉన్నారు. అది చూసి ఎవరూ ఇంజిన్‌లో షాంపూ పోసుకోలేదు లెండి.

డెమోతో అడిటివ్ అమ్మడం అమెరికాలో ఓ పెద్ద వ్యాపారంగా ఎదిగింది ఎస్‌టీపీతో. 1953లో మిస్సోరి రాష్ట్రంలో చిన్న పెట్టుబడితో పుట్టిన కంపెనీ. 1960లలో దాన్ని నడిపిన ఆండీ గ్రానటెల్లి కార్ల రేసుల మనిషి, గొప్ప మాటకారి. ఆయన డెమోకి మిషన్ కూడా అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ మొనని మామూలు ఆయిల్‌లో ముంచితే రెండు వేళ్లతో పట్టుకోగలరు, ఎస్‌టీపీలో ముంచితే జారిపోతుంది. చూసేవాళ్లకి నోట మాట రాదు. ఆలోచిస్తే అందులో తెలిసేదల్లా అది చాలా చిక్కటి ద్రవమని, అంతే. 1971లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక అదే మాట రాసింది, ఇది ఆయిల్‌ని చిక్కబరుస్తుంది, కొత్త కారుకి దీని అవసరం లేదని. ఆ తర్వాత వాణిజ్య ప్రకటనల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రంగంలోకి దిగింది. 1976లో ఆంక్షలు పెట్టింది, 1978లో కంపెనీ 7 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుని ఆ సంగతి తనే పత్రికల్లో ప్రకటనగా వేయించుకోవాల్సి వచ్చింది. 1995లో పాత ఆంక్షల్ని మీరారని మళ్లీ కేసు, ఈసారి 8 లక్షల 88 వేల డాలర్లు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1967 ఇండియానాపొలిస్ రేసులో గ్రానటెల్లి దింపిన టర్బైన్ కారు దాదాపు గెలిచేసింది. ఇంకో మూడు ల్యాపులు ఉన్నాయనగా ఆగిపోయింది. కారణం గేర్‌బాక్స్‌లో కొన్ని డాలర్ల ఖరీదు చేసే ఒక బేరింగ్.

తర్వాతి తరం స్లిక్ 50. ఇందులో కిటుకు పీటీఎఫ్‌ఈ, అంటే నాన్‌స్టిక్ పెనాల మీద ఉండే పూత పదార్థం. పెనానికి అతుక్కుంటుంది కాబట్టి ఇంజిన్‌కీ అతుక్కుంటుందని జనం సులువుగా నమ్మారు. కానీ పెనం మీద ఆ పూత నిలవాలంటే లోహాన్ని ముందుగా గరుకు చేసి, శుభ్రం చేసి, 300 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చాలి. ఇంజిన్ ఆయిల్ మామూలుగా 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, పైగా లోపలంతా జిడ్డు. ఆ పదార్థాన్ని కనిపెట్టిన డ్యూపాంట్ కంపెనీ కూడా ఒక దశలో ఇంజిన్ ఆయిల్‌లో దీనివల్ల ఉపయోగం లేదని చెప్పింది. స్లిక్ 50 టీవీ ప్రకటనలు మాత్రం, పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ లోపల ఇనుము ఇనుముని రాస్తోందని భయపెట్టేవి. మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ వాడితే స్టార్టింగ్‌లో కూడా చాలా ఇంజిన్లకి తగినంత రక్షణ ఉంటుందని ట్రేడ్ కమిషన్ చెప్పింది. 1997లో కేసు ముగిసేసరికి కొన్నవాళ్లకి కనీసం కోటి డాలర్ల మేర పరిహారం ఇవ్వాల్సి వచ్చింది.

ఆ తర్వాత వరసగా ప్రొలాంగ్, డ్యూరా ల్యూబ్, మోటార్ అప్. అరగంటసేపు సాగే టీవీ ప్రకటనల కాలం అది. ఇంజిన్‌లో ఆయిల్ అంతా తీసేసి నడిపి చూపించడం వాటిలో అందరికీ ఇష్టమైన ఘట్టం. ఆయిల్ తీసేసినా బేరింగుల సందుల్లో కొంత పొర మిగులుతుంది, ఇంజిన్ మీద లోడ్ లేకుండా ఊరికే తిప్పితే కాసేపు నడుస్తుంది కూడా. ఎంతసేపన్నది ఇంజిన్‌ని బట్టి. పక్కన అడిటివ్ వేయని ఇంజిన్‌ని అదే వేడిలో, అదే స్పీడులో తిప్పితే తప్ప పోలికకి అర్థం లేదు. డ్యూరా ల్యూబ్ వాళ్లు తమ దాంట్లో క్లోరిన్ లేదన్నారు, ఉందని కమిషన్ చెప్పింది, 2000లో 20 లక్షల డాలర్లకి సెటిల్ అయింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది జీమ్యాక్స్ కేసు. వాళ్లు తమ గొప్పకి నిజమైన లేబరేటరీ టెస్టునే చూపించారు. 2001లో కమిషన్ వేసిన కేసు ప్రకారం, ఆ టెస్టుల్లోనే జీమ్యాక్స్ కలిపిన ఆయిల్‌కి బేరింగ్ తుప్పు మామూలు ఆయిల్ కన్నా రెండింతలకి పైగా వచ్చింది. ప్రకటనలో ఆ అంకెలు లేవు. 2003లో 10 లక్షల డాలర్లతో ఆ కేసూ ముగిసింది.

ఈ కేసుల గురించి ఒకటి గమనించాలి. "ఇది పనిచేయదు" అని కమిషన్ ప్రతిసారీ నిరూపించలేదు. చాలావరకు అన్నది, నువ్వు చెప్పేదానికి నీ దగ్గర ఆధారం లేదు అని. ఎక్కువ కంపెనీలు తప్పు ఒప్పుకోకుండానే సెటిల్ చేసుకున్నాయి. అందుకే ఆ సరుకు మార్కెట్ నుంచి పోదు, లేబుల్ మీద మాటలు మారతాయి, డెమో అలాగే ఉంటుంది.

"నేను వేశాను, ఇంజిన్ స్మూత్ అయింది" అనే వాళ్లని కాదనను. వాళ్లలో చాలామంది ఆయిల్ మార్చినప్పుడే వేస్తారు. కొత్త ఆయిల్ పోస్తే ఏ ఇంజినైనా స్మూత్‌గానే ఉంటుంది.

అడిటివ్‌లు అంటేనే దండగ అనడం కూడా తప్పే. మీరు కొనే ఇంజిన్ ఆయిల్ డబ్బాలోనే పదో వంతు నుంచి ఐదో వంతు దాకా అడిటివ్‌లు ఉంటాయి. వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్ లోబులు, పిస్టన్ పైకొచ్చి ఆగేచోట రింగులు, ఇక్కడ ఇనుము నిజంగానే ఇనుముని తాకుతుంది. అందుకోసమే 1940ల నుంచి జింక్, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ వాడుతున్నారు, దాన్ని మించింది ఇప్పటికీ సులువుగా దొరకలేదు. ఫాస్ఫరస్ ఎక్కువైతే సైలెన్సర్ దగ్గరుండి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని 2004 నాటి జీఎఫ్-4 అనే ఇంజిన్ ఆయిల్ ప్రమాణంలో 0.08 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. ఆ ప్రమాణానికి ఆయిల్ పాసవ్వాలంటే కామ్ అరుగుదల కోసం నిస్సాన్ ఇంజిన్‌ని 100 గంటలు నడిపారు, ఇంకో టెస్టులో ఆయిల్‌ని 150 డిగ్రీల వేడిలో 100 గంటలు ఉంచారు. ఇన్ని కొలతలతో కలిపిన దాంట్లో మనం సీసా తెచ్చి ఇంకేదో పోస్తే, ఆ లెక్క ఎటు పోతుందో పోసేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్లలో కన్వర్టర్ మార్చాల్సి వస్తే ఆ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, అమెరికా కేసుల్లో ఎక్కడా కనిపించనిది. ఇక్కడ రోడ్డు మీద ఎక్కువగా ఉండేవి బైకులు. గేర్ల బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించడమే గొప్పగా చెప్పుకునే అడిటివ్ అందులో పోస్తే, పట్టుకోవాల్సిన క్లచ్ జారడం మొదలుపెట్టొచ్చు. యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు, పికప్ పోయిందని మళ్లీ మెకానిక్ దగ్గరికి. బైక్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో ఉండేది ఇందుకే. 1998లో జపాన్ వాళ్లు ఈ క్లచ్ సమస్య కోసమే పెట్టిన ప్రమాణం తాలూకు గుర్తు అది.

బల్ల మీద డెమోలు ఇప్పుడు రీల్స్‌లోకి వచ్చాయి. కార్ సర్వీసింగ్‌కి ఇస్తే ఎస్టిమేట్‌లో ఇంజిన్ కోటింగ్ అని ఒక లైను అడగకుండానే చేరుతుంది. వద్దంటే తీసేస్తారు, అడగాలి అంతే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. స్టాల్ వేసి నాలుగు రోజుల్లో సర్దుకుపోయేవాడిని ఆ చట్టంతో పట్టుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

చిక్కబరిచే రకం సీసాలకి మాత్రం ఒక నమ్మకమైన గిరాకీ ఎప్పుడూ ఉంది: బోరుకొచ్చిన బండిని అమ్ముకునేవాళ్లు. ఆయిల్ తాగి పొగ కక్కే ఇంజిన్‌లో అది పోస్తే కొన్నాళ్లు పొగ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ని వేళ్ల మధ్య రాసి చూడండి. జిగురులా తీగ సాగితే ధర మాట్లాడే ముందు మీ మెకానిక్‌ని పిలిపించండి.