చీనీకాయలో చైనా

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీకాయలు రాశులు పోసి వేలం పాడే వేళ "చీనీ టన్ను ఎంత పోయిందన్నా?" అన్న మాట అడుగడుగునా వినిపిస్తుంది గాని, అందులోని మొదటి పదం ఒక దేశానికి చెందినదన్న తలపు ఎవరికీ రాదు. కోస్తా వాళ్లు బత్తాయి అనే పండునే అనంతపురం, కడప జిల్లాల్లో మనం చీనీ అంటాం. 'చీన' అన్న దేశనామం చివర ఈకారం చేరితే 'చీనీ', అంటే చీన దేశానిది అని అర్థం. కాబూలీ శనగల్లోనూ ఇరానీ చాయ్‌లోనూ ఉన్నది ఈ ఈకారమే. నవాబుల ఏలుబడిలో తరాల తరబడి ఉర్దూతో కలిసి బతికిన కడప, కర్నూలు సీమలకు ఇలాంటి రూపాలు కొత్తవి కావు.

విచిత్రమేమంటే, 'చీన' అన్నది చైనీయులు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. వాళ్లు తమ దేశాన్ని 'ఝోంగ్‌గువో' అంటారు. మధ్యనున్న రాజ్యం అని దాని అర్థం. అక్కడి అధికసంఖ్యాకులు తమను 'హాన్' జనులుగా చెప్పుకుంటారు, అది ఒక ప్రాచీన రాజవంశం పేరు. క్రీ.పూ. 221లో ఆ దేశాన్ని ఏకం చేసిన 'చిన్' రాజ్యం పేరే బయటివాళ్ల నోట చీన అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మన మహాభారతంలో చీనుల ప్రస్తావన ఉంది, కౌటిల్యుని అర్థశాస్త్రంలో చీన దేశపు పట్టు ఉంది, తెలుగు కావ్యాల్లో చీనాంబరం ఉండనే ఉంది.

అదే పేరు పడమటి దేశాలన్నీ తిరిగి, ఇంగ్లీషు ఉచ్చారణ తగిలించుకొని, 'చైనా'గా మన దగ్గరికి రెండోసారి వచ్చింది. అందువల్ల నేటి వాడుకలో పని రెండుగా పంచుకోబడింది: పండు చీనీ, దేశం చైనా. మనుషులను పత్రికలు చైనీయులంటాయి, ఊళ్లో చైనావాళ్లంటారు. చీనీవాళ్లని మాత్రం ఎవరూ అనరు, అంటే చీనీతోట ఉన్న రైతులనుకుంటారు. ఇటీవల 'చైనా సరుకు' అన్న మాటకు నాసిరకమన్న అర్థం కూడా అంటుకుంది. చీనాంబరాన్ని అపురూపంగా చెప్పుకొన్న భాషలో ఒక జాతి పేరు ఇలా చవకబారుతనానికి గుర్తు కావడం నాకు బాధగా ఉంటుంది.

పండు విషయంలో రైతు మాట, వృక్షశాస్త్రజ్ఞుల మాట ఒక్కటే. దాని శాస్త్రీయనామం సిట్రస్ సైనెన్సిస్. 'సైనెన్సిస్' అంటే లాటిన్‌లో చైనాకు చెందినదని అర్థం. పంపరపనస, కమలా జాతుల సంకరం వల్ల ఈ తీపి పండు పుట్టిందని జన్యు పరిశోధనలు తేల్చాయి. చల్లని దేశాల్లో నారింజ రంగు తిరిగే ఈ జాతి మన దగ్గర పండాక కూడా పచ్చగానో పసుపు కలిసిన ఆకుపచ్చగానో ఉండడానికి కారణం మన వెచ్చని రాత్రులే. తొక్కలోని పత్రహరితం విరిగిపోవడానికి చలి కావాలి. జ్యూసు బండి దగ్గర కోసి చూస్తే లోపలి తొనలు లేత పసుపు రంగులో ఉంటాయి.

ఇక బత్తాయి మాటకు మూలం బటావియా అని చెబుతారు. 1619లో జావా దీవిలో డచ్చివారు కట్టిన పట్నమది, నేటి జకార్తా. రైన్ నది ముఖద్వారంలో ఒకప్పుడు నివసించిన 'బటావీ' అనే తెగను తమ పూర్వీకులుగా తలచి డచ్చివారు ఆ పేరు పెట్టారు. అలా చూస్తే మనం చీనీ అన్నా బత్తాయి అన్నా పలికేది ఏదో ఒక జనం పేరే. ఆ డచ్చివారు తమ భాషలో ఈ పండును పిలిచే పేరుకు మూలార్థం చైనా ఆపిల్! గ్రీకులు, తుర్కులు, అరబ్బులు నారింజకు పోర్చుగల్ పేరు పెట్టుకున్నారు, ఎందుకంటే తీపి నారింజ వాళ్లకు పోర్చుగీసు వర్తకుల ద్వారా పరిచయమైంది.

ఇలాంటి పేర్లు వస్తువు పుట్టిన చోటును చెప్పవచ్చు, లేదా అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, వచ్చిందని జనం అనుకున్నారో మాత్రమే చెప్పవచ్చు. అనంతపురం ఎర్రనేలల్లో చీనీతోటల పక్కనే విస్తారంగా పండే చెనక్కాయ, అంటే వేరుశనగ, అందుకు సాక్ష్యం. దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ పంటకు చైనా జన్మభూమి కాకపోయినా, బెంగాలీలు దాన్ని 'చీనా బాదం' అనే పిలుస్తారు.