"మీరేం చేస్తుంటారు?"

పిల్లలూ,

పెళ్ళి భోజనాల దగ్గర, రైలు పెట్టెలో, ఆస్పత్రి వరండాలో ఇద్దరు పెద్దవాళ్ళు కాసేపు పక్కపక్కన కూర్చుంటే ఈ ప్రశ్న రాక తప్పదు. జవాబులు కూడా మీరు వినే ఉంటారు. "బ్యాంకులో." "కరెంటాఫీసులో." "రైల్వేలో." "మావాడా? సాఫ్ట్‌వేర్‌లో." అడిగినాయన "ఓహో, మంచిదండీ" అంటాడు. అక్కణ్ణుంచి మాట ఎండల మీదికో, బియ్యం ధర మీదికో మళ్ళుతుంది. ఇంతకీ ఆ మనిషి పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో ఎవరికీ తెలియలేదు! అడిగింది పని గురించి, వచ్చిన జవాబు చేరిన చోటు గురించి. విచిత్రం ఏమిటంటే, ఇద్దరికీ అది సరిపోయింది.

"రైల్వేలో" అన్న మాటే తీసుకోండి. స్టేషన్ మాస్టరు రైల్వేలోనే, టికెట్లు చూసే టీటీఈ రైల్వేలోనే, ఇంజను నడిపే లోకో పైలట్ రైల్వేలోనే. కీమ్యాన్ కూడా రైల్వేలోనే. కీమ్యాన్‌ని మీరు కిటికీలోంచి చూసే ఉంటారు. భుజాన బరువైన సుత్తి, చేతిలో స్పానరు, సంచిలో జెండాలు పెట్టుకుని పట్టాల వెంట ఒంటరిగా నడిచిపోతుంటాడే, ఆయన. తనకప్పగించిన కొన్ని కిలోమీటర్ల లైను రోజూ కాలినడకన చూసుకోవాలి. పోయేటప్పుడు ఒక పట్టా పక్కన, వచ్చేటప్పుడు రెండో పట్టా పక్కన. పట్టాని కింద అడ్డంగా వేసిన స్లీపరుకి పట్టి ఉంచే క్లిప్పు జారి బయటికొస్తుంటే సుత్తితో కొట్టి లోపలికి దించుతాడు. రెండు పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేటు బోల్టు వదులైతే బిగిస్తాడు. చలికాలంలో ఇనుము కుంచించుకుపోయి పట్టా విరగొచ్చు, ఎండాకాలంలో సాగి పక్కకి వంగొచ్చు. కాబట్టి ఏ కాలమూ ఆయనకి సులువు కాదు. విరిగిన పట్టా కనబడిందా, ఎర్రజెండాతో బండి వచ్చే వైపు పరుగెత్తి, పట్టా మీద డిటొనేటర్లు పెడతాడు. చక్రం ఎక్కగానే అవి ఢామ్మని పేలతాయి, లోకో పైలట్ బండి ఆపేస్తాడు. మనం ఆ బండిలో పడుకుని ఉంటాం.

ఇంత పని చేసే మనిషి పెళ్ళి పందిట్లో "రైల్వేలోనండీ" అని ఊరుకుంటాడు. ఎందుకంటే అడిగేవాళ్ళకి కావలసింది సుత్తి సంగతి కాదు. వాళ్ళ రెండో ప్రశ్న ఏమిటో గమనించండి: "పర్మినెంటేనా?" వానలు నమ్ముకుని, అప్పులు చేసి బతికిన ఇళ్ళనుంచి వచ్చిన తరాలు మావి. ఒకటో తారీఖున జీతం పడుతుందా, పెన్షనుందా, క్వార్టర్సు ఇచ్చారా అన్నవే మాకు పెద్ద విషయాలు. "రైల్వేలో" అన్న ఒక్క మాట ఆ మూడింటికీ జవాబు చెప్పేస్తుంది.

దీంట్లో ఇంకో సంగతి కూడా ఉంది, మీకు దాచడం నాకిష్టం లేదు. మా చిన్నప్పుడు ఊళ్ళో "మీ నాన్న ఏం చేస్తాడురా?" అన్న ప్రశ్న చాలాసార్లు పని తెలుసుకోడానికి అడిగింది కాదు. కుండలు చేసేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు... పని చెబితే కులం చెప్పినట్టే. ఆ జవాబుని బట్టే లోపలికి రమ్మనాలా, అరుగు కిందే నిలబెట్టాలా అన్నది తేలిపోయేది. అందుకే చదువుకుని పట్నం చేరినవాళ్ళు చాలామంది "గవర్నమెంటు ఉద్యోగం" అని మాత్రమే చెప్పి ఆగేవారు. ఆ మాటకి కులం వాసన లేదు. అది గొప్పలు పోవడం అని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

ఉద్యోగాల పేర్లు మాత్రం మహా మొండివి. ఊరి భూమి లెక్కలు రాసే కరణం, శిస్తు వసూలు చేసే మునసబు పదవుల్ని ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లోనే ఎత్తేసింది. మా వైపు ఇప్పటికీ దారి చెప్పాలంటే "కరణంగారి ఇల్లు దాటాక ఎడం పక్కకి" అంటారు. ఇంకోటి చూడండి. ఒకప్పుడు "మా అల్లుడు సచివాలయంలో" అంటే రాజధానిలో, మంత్రిగారి ఫైళ్ళ దగ్గర అని అర్థం. 2019 అక్టోబరు 2 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఆ అల్లుడు మన పంచాయతీలోనే సర్వేయరో, వెల్ఫేర్ అసిస్టెంటో కావచ్చు. కొందరు అత్తగార్లు ఆ "గ్రామ" అన్న మాట మింగేసి చెబుతుంటారు. నన్నడిగితే ఊళ్ళో వాళ్ళకి ఎక్కువ పనికొచ్చేది ఈ రెండో అల్లుడే.

కొంతమంది ఉన్నదానికంటే తగ్గించి చెబుతారు. ఇందులో మన రైతుల్ని మించినవాళ్ళు లేరు. "ఏముందండీ, వ్యవసాయమే" అంటారు. ఆ "మే" దగ్గర గొంతు కిందికి దిగుతుంది. భీమవరం వైపు వెళ్ళి అడిగితే "ఏదో రెండు చెరువులు చేస్తున్నామండీ" అంటారు. పైఊరివాళ్ళు తామరపూలున్న ఊరిచెరువు అనుకుంటారు. కాదు, అవి రొయ్యల చెరువులు. ఆ "ఏదో" అన్న మాట వెనక ఏముందో చూడాలంటే తెల్లవారుజామున మూడు గంటలకి గట్టు మీదికి వెళ్ళాలి. పగలు ఎండలో నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి తయారుచెయ్యకపోగా ఉన్నది తనే వాడేసుకుంటుంది. అందుకని తెల్లవారేముందు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరియేటర్ల చక్రాలు నీళ్ళని ఎగజిమ్ముతూ తిరుగుతూ ఉండాల్సిందే. కరెంటు పోయిందంటే, పడుకున్నవాడు లేచి జనరేటరు వెయ్యాలి. కాస్త ఆలస్యమైతే నెలల తరబడి మేపిన పంట తెల్లారేసరికి చచ్చిపోతుంది. మేత వేశాక, రొయ్యలు తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించిన పళ్ళెం (చెక్ ట్రే) పైకి లాగి, టార్చిలైటు వేసి చూస్తాడు: మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మీద మచ్చలున్నాయా?

పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజున, కౌంట్ చూస్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. అంకె తగ్గినకొద్దీ రేటు పెరుగుతుంది. మన రొయ్యలు ఎక్కువగా కొనే అమెరికా 2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, ఆ కబురు టీవీ చూసేవాళ్ళ కంటే ముందు వీళ్ళకే తగిలింది. ఇన్ని లెక్కలు వేళ్ళ మీద పెట్టుకున్న మనిషి "ఏదో చేస్తున్నాం" అంటాడు. దిష్టి భయం కొంత, అప్పులడుగుతారేమోనన్న భయం కొంత. అసలు కారణం మాత్రం, పంట లారీ ఎక్కేదాకా తన చేతిలో ఏముందో తనకే తెలియదు.

తగ్గించి చెప్పడం కూడా కాదు, అసలు లేదనేవాళ్ళున్నారు. నేను టీచరుగా పని చేసినప్పుడు జనాభా లెక్కల డ్యూటీ పడేది. 2011 లెక్కల్లో ఒక ఇంటి దగ్గర జరిగిన మాటలు ఇవి.

"ఏం చేస్తుంటావమ్మా?"

"ఏం చేస్తానండీ, ఇంట్లోనే ఉంటా."

"గేదెలు మీవేనా? పాలెవరు పితుకుతారు?"

"నేనే."

"గడ్డి?"

"నేనే కోసుకొస్తా."

"పాలకేంద్రంలో పాలు పోసేది?"

"పొద్దున నేను, సాయంత్రం మా అబ్బాయి. పుస్తకం మాత్రం ఆయన పేరున ఉంది లెండి."

ఆయన అరుగు మీద పేపరు చదువుతూ "దానికేం పని, ఇంట్లో ఉంటది, రాసుకోండి మాస్టారూ" అన్నాడు. లెక్కల నిబంధన మాత్రం ఆవిడ పక్షానే ఉంది. అమ్ముకోకుండా ఇంట్లో వాడకానికే పాలు తీసినా అది పని కిందికే వస్తుంది, ఏడాదిలో ఆరు నెలలు చేస్తే ఆ మనిషి ప్రధాన పనివారు. అలాగే రాశాను. ఆయనకి నచ్చలేదు. వంట, అంట్లు, పిల్లల్ని సాకడం మాత్రం ఆ నిబంధనలో పని కావు. అది నాకు అప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పుడూ పడదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అమ్మలు కూడా అంతే. ఒళ్ళో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతూనే "ఏం పని లేదు బిడ్డా, ఇంటికాడ్నే ఉంట" అంటారు. వెయ్యి బీడీల లెక్కన వచ్చే కూలి ఆ ఇంటిని నడుపుతున్నా సరే. బడిలో మీకిచ్చే ఫారాల్లో "తల్లి వృత్తి" అన్న గడి ఉంటుంది కదా, అది నింపేముందు ఒక్కసారి ఇంట్లో అడిగి రాయండి.

మరి అడగడం ఎలా అంటారా? "మీ ఉద్యోగం ఏమిటి?" అంటే మళ్ళీ ఆఫీసు పేరే వస్తుంది. "నిన్న డ్యూటీలో ఏం చేశారు బాబాయ్?" అని అడగండి. చాలామంది మొదట నవ్వేస్తారు, తర్వాత ఆగకుండా చెబుతారు. సాఫ్ట్‌వేర్ అక్కలూ అన్నయ్యలూ కూడా ఇలా అడిగితేనే దొరుకుతారు. ఒకరు టెస్టింగ్‌లో ఉంటారు. టికెట్లు కొనే యాప్‌లో డబ్బు కట్టే బటన్ కావాలని రెండుసార్లు నొక్కి, డబ్బు రెండుసార్లు పోతుందేమో చూడటం వాళ్ళ పని. ఒకరు సపోర్టులో ఉంటారు, అమెరికాలో పగలైనప్పుడు ఇక్కడ మేలుకుని ఉంటారు. ఇద్దరినీ వాళ్ళమ్మలు "సాఫ్ట్‌వేరే" అంటారు.

అయితే అందర్నీ గుచ్చి గుచ్చి అడగకూడదు. కొందరు ఊరి పేరు చెప్పి ఆగిపోతారు. "కువైట్‌లో ఉంటున్నా" అంటారు. కోనసీమ నుంచి, కడప వైపు నుంచి అక్కడికి ఇంటిపనులకి వెళ్ళిన ఆడవాళ్ళెందరో ఉన్నారు. జగిత్యాల వైపు "దుబాయ్ పోయిండు" అంటే మస్కట్ కావచ్చు, సౌదీ కావచ్చు. ఎవరైనా దేశం పేరుతో ఆపేశారంటే అక్కడికి చాలన్నమాట. ఎండ ఎట్లా ఉంటుంది, రొట్టెలు ఎట్లా చేస్తారు అని అడగండి, పని సంగతి చెప్పాలనుకుంటే వాళ్ళే చెబుతారు. "జీతమెంత?" అన్నది మాత్రం ఎవర్నీ అడగొద్దు. ఆ పని చెయ్యడానికి పెళ్ళిలో పెద్దవాళ్ళు చాలామందే ఉంటారు.

ఇక ఒక్క జవాబు మిగిలింది. ఇరవై అయిదేళ్ళ అన్నయ్యో అక్కో చేతిలో గ్లాసు తిప్పుతూ "ప్రిపేరవుతున్నా" అంటారు. అవనిగడ్డలో టీచరు ఉద్యోగాల డీఎస్సీ పరీక్షకో, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలకో చదువుతుంటారు. ఇరుకు గదిలో ముగ్గురు నలుగురు కలిసి ఉంటారు, స్టడీ హాల్లో కుర్చీకి నెల నెలా డబ్బు కడతారు. నోటిఫికేషన్ పడితే కోర్టు కేసు, కేసు తేలితే పరీక్ష వాయిదా. పందిట్లో ప్రతి మామయ్యా "ఇంకా ఎన్నాళ్ళు?" అనే అడుగుతాడు. మీరు ఆ వరసలో నిలబడకండి. మీ లెక్కల పుస్తకంలో కాలం-పని అధ్యాయం తీసుకుని వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. ఇద్దరు కలిసి ఒక గోడ ఎన్ని రోజుల్లో కడతారో, వాళ్ళు నోటితో చెప్పినంత వేగంగా మీ మాస్టారు బోర్డు మీద కూడా చెయ్యలేరు.

మీ తాతయ్య