పాత స్కా ఆల్బమ్ మళ్లీ వచ్చిందంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత రికార్డుల్లోంచి, టేపుల్లోంచి పాటను ఎత్తి, దెబ్బతిన్నచోట బాగుచేసి, మళ్లీ విడుదలకు సిద్ధం చేయడం నా వృత్తి. కొన్నేళ్లుగా ఎక్కువ పని 1960ల నాటి జమైకా సంగీతం మీదే. మనవాళ్లలో బాబ్ మార్లీ అభిమానులకు కొదవ లేదు. కానీ వెయిలర్స్ బృందంతో ఆయన చేసిన మొదటి ఆల్బమ్ 'ద వెయిలింగ్ వెయిలర్స్' రెగ్గే కాదని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. 1965లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని స్టూడియో వన్ అనే రికార్డింగ్ సంస్థ నుంచి వచ్చిన ఆ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం స్కా, అంటే రెగ్గేకు ముందటి జమైకా ఆట సంగీతం. దాన్నే ఉదాహరణగా పెట్టుకుని, పాత ఆల్బమ్‌కు అదనపు పాటలు చేర్చి మళ్లీ వేసే రీఇష్యూల గురించి నాకు తరచూ ఎదురయ్యే అపోహలను రాస్తున్నాను.

అపోహ: స్కా అంటే కాస్త వేగంగా వాయించిన రెగ్గే.

వరస తిరగబడింది. ముందు పుట్టింది స్కా. జమైకాకు స్వాతంత్ర్యం వచ్చింది 1962 ఆగస్టు 6న. ఆ రోజుల్లో కింగ్‌స్టన్ వీధుల్లో మోగింది స్కానే. 1966 ప్రాంతంలో అది నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది. 1968కి రెగ్గే వచ్చింది. 'తక తక తక తక' అని లెక్క వేసుకోండి. స్కాలో గిటారూ పియానో 'త' మీద పడవు, 'క' మీద పడతాయి. అదీ పొట్టిగా, కోసినట్టు. ఈ పొట్టి దెబ్బతో మా పనిలో పెద్ద చిక్కు ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అపోహ: ఆల్బమ్‌లోని 12 పాటలే అసలు సరుకు. వెనక చేర్చే బోనస్ ట్రాకులు ధర పెంచడానికి వేసే మిగులు.

ఇంగ్లండ్, అమెరికా రాక్ ఆల్బమ్‌ల విషయంలో ఇది కొన్నిసార్లు నిజం. పనికిరాదని పక్కన పడేసిన టేకులు వెతికి చేరుస్తారు. జమైకా స్కా కథ వేరు. అక్కడ ఆల్బమ్ అన్నది తర్వాత వచ్చిన ఆలోచన. పాట ముందుగా సౌండ్ సిస్టమ్ కోసం పుట్టేది. సౌండ్ సిస్టమ్ అంటే లారీ మీద పెద్ద పెద్ద స్పీకర్లు తెచ్చి, ఖాళీ జాగాలో రాత్రంతా జనాన్ని ఆడించే ఏర్పాటు. డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్, ప్రిన్స్ బస్టర్ ఈ ముగ్గురూ అందులో పోటీదారులు. ఒకరి దగ్గర లేని పాట తమ దగ్గర ఉండాలన్న పట్టుదలతోనే వీళ్లు సొంతంగా రికార్డింగులు మొదలుపెట్టారు. అక్కడ జనాన్ని ఆడించిన పాట 45 ఆర్‌పీఎం చిన్న రికార్డుగా అంగళ్లకు వచ్చేది. అలా కొన్ని పోగైతే, వాటిలోంచి డజను ఏరి ఒక ఎల్పీ, అంటే పెద్ద రికార్డు, వేసేవారు.

'ద వెయిలింగ్ వెయిలర్స్' కూడా అలాంటి కూర్పే. 1964లో జమైకాను ఊపేసిన 'సిమ్మర్ డౌన్' వాళ్ల తొలి పెద్ద హిట్. ఆల్బమ్‌లో అది రెండో వైపున చిట్టచివరి పాట. స్టూడియో వన్ యజమాని కాక్సన్ దగ్గర వెయిలర్స్ పాడినవి వందకు దగ్గరగా ఉంటాయి, ఎల్పీలో చోటు దక్కింది పన్నెండింటికే. మిగిలినవి బాగాలేక కాదు, చోటు చాలక ఆగిపోయాయి. 1991లో హార్ట్‌బీట్ సంస్థ 'వన్ లవ్ ఎట్ స్టూడియో వన్' పేరుతో 40 ట్రాకులు తెచ్చినప్పుడు ఆ బృందం పరిధి ఎంతటిదో బయటివాళ్లకు తెలిసింది. అందుకే స్కా రీఇష్యూ చేతిలోకి రాగానే నేను ముందు చూసేది బోనస్ ట్రాకుల జాబితానే. వాటిని రికార్డయిన వరసలో పేర్చారా, లేక దొరికినవి దొరికినట్టు పోశారా? వరసలో ఉంటే ఆ కుర్రాళ్ల గొంతులు నెలనెలా ముదరడం వినిపిస్తుంది.

అపోహ: మాస్టర్ టేపు, అంటే పాటను మొదట ఎక్కించిన అసలు టేపు, బీరువాలో భద్రంగా ఉంటుంది. తీసి మెషీన్‌లో పెట్టడమే పని.

అలా దొరికితే నాకు పండగే. టేపును అప్పట్లో దిగుమతి చేసుకోవాలి, ఖరీదెక్కువ. పాట అచ్చయ్యాక అదే టేపు మీద ఇంకో పాట ఎక్కించిన సందర్భాలున్నాయి. మిగిలినవి ఉష్ణమండలపు వేడిలో, తేమలో దశాబ్దాలు గడిపాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. కాక్సన్ 1970లలో తన పాత టేపుల మీద కొత్త వాయిద్యాలు చేర్పించాడు, వాటిలో వెయిలర్స్ పాటలూ ఉన్నాయి. కాబట్టి టేపు దొరికినంత మాత్రాన అది 1964 నాటి శబ్దమే అనుకోవడానికి లేదు. మొదటి ముద్రణ 45 రికార్డు పక్కన పెట్టి, పాటకు పాట పోల్చి చూడాల్సిందే.

పాత టేపును ఓవెన్‌లో పెట్టి వేడిచేస్తే బాగుపడుతుందని కూడా చాలామంది విన్నారు. ఈ వైద్యం ముఖ్యంగా 1970లు, 80ల నాటి టేపులకు. వాటిలో పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి అంటుకుపోతుంది, సుమారు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచితే తాత్కాలికంగా కోలుకుంటుంది. 1960ల నాటి టేపుల్లో చాలావాటికి అడుగున ఉన్నది ఎసిటేట్ అనే ప్లాస్టిక్. దాన్ని వేడిచేస్తే వంకరపోతుంది, పెళుసెక్కి విరుగుతుంది. టేపు చుట్టను వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. పక్కనుంచి వెలుగు లోపలికి దిగితే ఎసిటేట్, దిగకపోతే పాలియెస్టర్. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఓవెన్ జోలికి వెళ్లొద్దని నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే చెబుతాను.

టేపు లేకపోతే రికార్డే గతి. జమైకాలో అచ్చయిన 45లలో రంధ్రం సరిగ్గా మధ్యలో లేనివి చాలా ఉంటాయి. తిరుగుతుంటే పాట ఊగుతుంది, శ్రుతి పైకీ కిందికీ జారుతుంది. రంధ్రాన్ని కొంచెం వెడల్పు చేసి, చేత్తో జరిపి మధ్యకు తెచ్చుకుంటాం. తర్వాత ముల్లు ఎంపిక. మోనో (ఒకే చానెల్) ఎల్పీలకు, 45లకు అప్పట్లో వాడిన ముల్లు మొన సుమారు 25 మైక్రాన్లు, తర్వాత వచ్చిన స్టీరియో ముల్లు మొన 18 మైక్రాన్ల దాకా. పాత ముల్లు గాడిలో ఏ ఎత్తున అరగదీసిందో చూసుకుని, దానికి పైనో కిందో ఆనే ముల్లు పెడితే అరగని గోడ దొరుకుతుంది. అదే రికార్డు మూడు ముళ్లతో మూడు రకాలుగా పలుకుతుంది. గంటలు పట్టే పనే, కానీ కంప్యూటర్‌లో చేసే ఏ శుభ్రతా దీని ముందు నిలవదు.

వేగం సంగతీ తేల్చుకోవాలి. జమైకాలో కరెంటు మన దేశంలో లాగే 50 హెర్ట్జ్. రికార్డింగ్‌లోకి దూరిన కరెంటు హమ్ (గుయ్‌మనే మోత) 53 దగ్గర కనిపించిందంటే పాట 6 శాతం వేగంగా, అంటే అర శ్రుతి పైన తిరుగుతోందన్నమాట. హమ్‌ను అందరూ రోతగా చూస్తారు గానీ, నాకది చాలాసార్లు దారి చూపింది.

అపోహ: రీమాస్టర్ (పాత రికార్డింగును బాగుచేసి కొత్తగా సిద్ధం చేయడం) అంటే చిటపటలు, సుయ్‌మనే శబ్దం పూర్తిగా పోవాలి. పోకపోతే పని సరిగ్గా చేయనట్టు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇది. చిటపటను తీసేసే సాఫ్ట్‌వేర్ దేన్ని వెతుకుతుంది? హఠాత్తుగా లేచి హఠాత్తుగా పడే పొట్టి శబ్దాన్ని. స్కాలో 'క' మీద పడే గిటార్ దెబ్బ అచ్చం అలాగే ఉంటుంది. ట్రంపెట్ తరంగాన్ని తెర మీద పెద్దది చేసి చూస్తే ముళ్లు ముళ్లుగా కనిపిస్తుంది, యంత్రానికి ఆ ముళ్లన్నీ గీతలే. స్కా బలమంతా ఊదే వాయిద్యాల్లో ఉంది. టామీ మెకూక్, రోలండ్ ఆల్ఫాన్సోల శాక్సఫోన్, డాన్ డ్రమండ్ ట్రాంబోన్, జానీ 'డిజ్జీ' మూర్ ట్రంపెట్. 'సిమ్మర్ డౌన్' వెనక వాయించింది స్కాటలైట్స్ బృందంలోని ఈ వాద్యకారులే.

పనిలో చేరిన కొత్తలో ఒక స్కా రికార్డుకు ఒక వైపు మొత్తం ఆటోమేటిక్‌గా శుభ్రం చేసేసి సంతోషపడ్డాను. నేపథ్యం అద్దంలా ఉంది. పాట విన్న సీనియర్ ఏమీ అనకుండా అసలు రికార్డు ముల్లు కింద పెట్టారు. ట్రంపెట్ గొంతు తేడా తెలిసిపోయింది. నా కాపీలో అది దుప్పటి కింద వాయించినట్టుంది. ఆరోజు నుంచి ఒక్కో గీతను కంటితో చూసి, చెవితో విని, చేత్తోనే తీస్తున్నాను. మూడు నిమిషాల పాటకు ఒక పూట పడుతుంది. సుయ్‌మనే శబ్దాన్ని కొంత ఉంచేస్తాను. దాన్ని మొత్తం తుడిస్తే డ్రమ్మర్ లాయిడ్ నిబ్ సింబల్స్ మోత, గది గాలి, గాయకుడు ఊపిరి తీసుకోవడం అన్నీ దానితోపాటే పోతాయి.

అపోహ: మోనో అంటే లోపం. కొత్త విడుదలలోనైనా స్టీరియో చేయాలి.

అప్పట్లో స్టూడియో వన్‌లో ఉన్నది ఒకటి, మహా అయితే రెండు ట్రాకుల టేపు. బ్యాండు మొత్తం ఒకే గదిలో ఒకేసారి వాయించేది. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి. మైకుకు ఎవరు ఎంత దూరంలో నిలబడ్డారన్నదే ఆ పాట మిక్సింగ్. వాయిద్యాలను వేరుచేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. నేర్చుకోవడానికి, పరిశీలనకు మంచివే. విడుదల చేసే మాస్టర్‌కు మాత్రం నేను వాడను. మోనో రికార్డుకు ఒక సుగుణం కూడా ఉంది. పాట గాడిలో పక్కలకు మాత్రమే కదులుతుంది. పైకీ కిందికీ కదిలేదంతా దుమ్ము, అరుగుదల. స్టీరియో ముల్లు ఇచ్చే రెండు చానెళ్లను సరిగ్గా కలిపితే ఆ రొద చాలావరకు తనంతట తానే రద్దవుతుంది.

అపోహ: 180 గ్రాముల రికార్డు బాగా పలుకుతుంది.

బరువుకూ శబ్దానికీ సంబంధం లేదు. చూడాల్సింది వైపుకు ఎన్ని నిమిషాలు ఎక్కించారని. 20 నిమిషాలు దాటే కొద్దీ గాడులు ఇరుకవుతాయి, శబ్దం స్థాయి తగ్గించాలి, బాస్ కోయాలి. లాయిడ్ బ్రెవెట్ డబుల్ బాస్ పోయాక స్కాలో నడక ఏముంటుంది? అదనపు పాటలుంటే రెండు ఎల్పీలుగా వేయడమే న్యాయం.

అపోహ: అరవై ఏళ్ల నాటి పాటలు కదా, హక్కులు ఎవరికీ ఉండవు.

యూరప్‌లో 1962 ముగిసేలోగా విడుదలైన రికార్డింగులకు 50 ఏళ్ల రక్షణ తీరిపోయింది. 2013లో గడువును 70 ఏళ్లకు పెంచినా పాతవాటికి వర్తించలేదు. చవక ధరలో దొరికే స్కా సంకలనాలు ఎక్కువగా 1962 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. 1963 నుంచి వచ్చినవాటికి రక్షణ ఉంది. పైగా రికార్డింగ్ హక్కు వేరు, పాట హక్కు వేరు. 'ద వెయిలింగ్ వెయిలర్స్'లో 'వాట్స్ న్యూ పుస్సీక్యాట్' ఉంది. పాడింది వెయిలర్స్, రాసింది బర్ట్ బకరాక్, హాల్ డేవిడ్.

అపోహ: పాడినవాళ్లు ఎవరో అట్ట మీద ఉంటుంది కదా.

ఆ ఆల్బమ్ అట్ట మీద సూట్లలో ముగ్గురు కనిపిస్తారు. బాబ్ మార్లీ, పీటర్ టాష్, బన్నీ వెయిలర్. కానీ 'ఇట్ హర్ట్స్ టు బి అలోన్'లో ముందు వినిపించే ఆ పలచని గొంతు వీళ్లెవరిదీ కాదు. అది జూనియర్ బ్రెయిత్‌వెయిట్‌ది. 1964లోనే అమెరికా వెళ్లిపోయాడు కాబట్టి ఫొటోలో లేడు. దానికి గిటార్ ఎర్నెస్ట్ రాంగ్లిన్‌ది. తొలినాళ్ల పాటల్లో బెవర్లీ కెల్సో, చెర్రీ స్మిత్‌ల గొంతులూ ఉన్నాయి. లేబుళ్లనూ నమ్మలేం. మార్లీ పాడిన 'వన్ కప్ ఆఫ్ కాఫీ' బాబీ మార్టెల్ అన్న పేరుతో వచ్చింది. ఇంగ్లండ్‌లో దాన్ని ఐలండ్ సంస్థ వేసినప్పుడు రెండో వైపున ఉన్నది మార్లీ కాదు, రాంగ్లిన్ వాయిద్యం. లేబుల్ లేని రికార్డులైతే గాడి ఆగిపోయే చోట గీసి ఉన్న మాట్రిక్స్ నంబరే (ఆ రికార్డు గుర్తింపు సంఖ్యే) ఆధారం.

ఆ వాద్యకారులకు పాటకింత అని ఒకసారి చేతిలో పెట్టి పంపేవారు. తర్వాత ఆ పాట ఎన్నిసార్లు అచ్చయినా వాళ్లకు వచ్చేదేమీ లేదు. అందుకే రీఇష్యూతో వేసే చిన్న పుస్తకం ప్రూఫు వస్తే నేను శబ్దం పని పక్కనపెట్టి ముందు అదే చదువుతాను. ఏ పాటకు ఎవరు పాడారు, ఎవరు వాయించారు అన్నది పాటవారీగా లేకపోతే, రాయించేదాకా మాస్టర్ పంపను.