ఫాదర్ హేయర్ గురించి జూలై 31న వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

1842 జూలై 31న ఫాదర్ హేయర్ అనే అమెరికా లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) మిషనరీ గుంటూరు చేరారు. అందుకే జూలై నెలాఖరు దగ్గర పడేసరికి గుంటూరు లూథరన్ సంఘాల్లో సావనీర్లు అచ్చుకు వెళ్తుంటాయి, సండే స్కూలు పిల్లలు నాటికలు నేర్చుకుంటుంటారు. సంఘ చరిత్రలు, రిజిస్టర్లు చూసే పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో సగం ఫాదర్ హేయర్ గురించే. ఒక సావనీరులో పడిన తప్పు తేదీ పదేళ్ళ తర్వాత వచ్చే సావనీరుకి ఆధారమైపోతుంది. ఎక్కువగా ఎదురయ్యే తప్పులను ఇక్కడ సరిచేస్తున్నాం.

అపోహ: ఆంధ్ర ప్రాంతానికి క్రైస్తవ్యం తెచ్చిన మొదటి మనిషి హేయరే.

వాస్తవం: కాదు. ఆయన రాకముందే ఫిరంగిపురం వైపు కతోలిక విశ్వాసులున్నారు. 1805లోనే విశాఖపట్నంలో లండన్ మిషన్ వారు క్రాన్, డిగ్రాంజ్ పని మొదలుపెట్టారు. ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే ప్రయత్నం అక్కడే జరిగింది. 1840లో నెల్లూరికి బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే వచ్చారు. 1841లో మచిలీపట్నానికి రాబర్ట్ నోబుల్, ఫాక్స్ వచ్చారు. పోనీ లూథరన్లలోనైనా మొదటివారా అంటే, అదీ కాదు. వందేళ్ళకు పైగా ముందే మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ బైబిలును తెలుగులోకి అనువదించారు. అది అచ్చు కాలేదు.

హేయర్‌కు న్యాయంగా దక్కే మాట వేరే ఉంది. అమెరికాలోని లూథరన్లు విదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయన. గుంటూరు కేంద్రంగా లూథరన్ పనికి పునాది వేసిందీ ఆయనే. సావనీరులో ఇంతవరకు రాస్తే చాలు, ఎవరూ తప్పు పట్టలేరు.

‘ఫాదర్’ అన్నారు కదా, కతోలిక గురువేమో అని కొందరు అడుగుతుంటారు. ఆయన లూథరన్ పాస్టరు, పెళ్ళయి పిల్లలున్న మనిషి. భార్య మేరీ 1839లో చనిపోయారు. గుంటూరులో అడుగుపెట్టేనాటికి ఆయనకు 49 ఏళ్ళు నిండాయి. ఆ పిలుపు పెద్దరికాన్ని బట్టి వచ్చింది.

అపోహ: తెల్లదొరల ప్రభుత్వం పంపితే వచ్చిన ఇంగ్లీషు దొర.

వాస్తవం: పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో, 1793 జూలై 10న. పద్నాలుగేళ్ళ వయసులో ఫిలడెల్ఫియాలోని మేనమామ దగ్గరికి చేరారు. 1820లో పాస్టరుగా అభిషేకం పొంది, ఇరవై ఏళ్ళకు పైగా అమెరికాలోనే పరిచర్య చేశారు. ఆయన్ని పంపింది పెన్సిల్వేనియా లూథరన్ సంఘాల సమాఖ్య. 1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడెక్కి, మరుసటి ఏడు సింహళం మీదుగా మద్రాసు, నెల్లూరు దాటి గుంటూరు చేరారు.

మరి గుంటూరు కలెక్టరు ఆయన్ని ఎందుకు ఆదుకున్నాడు? ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, రావలసిందే. కలెక్టరు హెన్రీ స్టోక్స్ తనకున్న భక్తితో సొంతంగా ఇల్లు చూపించి, సాయం చేశాడు. అది ఈస్టిండియా కంపెనీ ఖజానా పెట్టిన ఖర్చు కాదు. ఇక అమెరికా మిషనరీ కంపెనీ ఇలాకాలో ఉండగలగడానికి కారణం చట్టంలో ఉంది. 1813 దాకా కంపెనీ మిషనరీలను రానివ్వడానికి ఇష్టపడేది కాదు. ఆ ఏడు చార్టరు చట్టంతో లైసెన్సు మీద అనుమతి దొరికింది. 1833 చట్టంతో ఆ లైసెన్సు అడ్డు కూడా పోయింది. హేయర్ వచ్చింది ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు. అయితే కలెక్టరు అండ ఉన్న మనిషిని ఊళ్ళో జనం ఎలా చూసి ఉంటారో కూడా చరిత్రలో భాగమే, దాన్ని దాచి రాయకూడదు.

అపోహ: ఆయన పెట్టిన బళ్ళలో ఇంగ్లీషు, బైబిలు తప్ప ఇంకేం చెప్పలేదు.

వాస్తవం: మొదటి నెలల్లో హేయర్‌కే తెలుగు రాదు, దుబాసీ (మాట అనువదించే మనిషి) పక్కనుంటేనే ప్రసంగం. బళ్ళు నడవాలంటే స్థానిక పంతుళ్ళే దిక్కు. తర్ఫీదైన క్రైస్తవ ఉపాధ్యాయులు అప్పటికి లేరు కాబట్టి హిందూ పంతుళ్ళే చదువు చెప్పారు. బైబిలు పాఠం ఉండేది, సందేహం లేదు, దానితోపాటు చదవడం, రాయడం, లెక్కలు ఉండేవి. ఆడపిల్లలకు కూడా బడి పెట్టారు. నిజానికి ఈ విషయాన్ని సావనీర్లలో ఇంకాస్త వివరంగా రాయాలి.

ఇక్కడ పాఠకులు పొరపడే చోటు ఒకటుంది. ఆ కాలపు నివేదికలో ‘స్కూలు’ అని కనిపించగానే భవనం, బల్లలు, గంట ఊహించుకోవద్దు. ఒక పంతులు, ఒక అరుగు, ఇసుకలో అక్షరాలు దిద్దే పిల్లలు ఉంటే అది బడే. పంతులు వెళ్ళిపోతే మూతపడేది. అందుకే ఒక ఏడాది బళ్ళ సంఖ్య పెరిగి, మరుసటి ఏడు తగ్గినట్టు కనిపిస్తుంది. పైగా ఆ నివేదికలు అమెరికాలో చందాలిచ్చేవారి కోసం రాసినవి. అంకెల్ని ఒకే ఏడాది నుంచి తీసి పట్టిక వేస్తే మోసపోతారు, కనీసం మూడేళ్ళవి పక్కపక్కన పెట్టి చూడాలి.

అపోహ: ఒకసారి వచ్చి, ఇక్కడే కన్నుమూశారు. సమాధి గుంటూరులోనే ఉంది.

వాస్తవం: ఆయన మూడు విడతలుగా వచ్చారు. 1842లో మొదటిసారి. 1846 నాటికి ఆరోగ్యం దెబ్బతిని అమెరికా వెళ్ళి, ఊరికే కూర్చోకుండా బాల్టిమోర్‌లో వైద్యం చదివారు. యాభై దాటాక! 1848లో తిరిగి వచ్చి, మరుసటి ఏడు పల్నాడులో గురజాల కేంద్రంగా పని మొదలుపెట్టారు. 1857లో మళ్ళీ వెళ్ళిపోయారు. 1860లో ఏర్పడిన మిన్నెసోటా సినడ్‌కు (అక్కడి లూథరన్ సంఘాల సమాఖ్యకు) మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే.

మూడో రాకే అన్నిటికంటే గట్టి ఘట్టం, మన సావనీర్లలో రెండు వాక్యాల్లో ముగిసిపోయేదీ అదే. 1861 నుంచి 1865 దాకా అమెరికా అంతర్యుద్ధం నడిచింది. ఇక్కడికి డబ్బు, మనుషులు రావడం తగ్గిపోయింది. 1858లో వచ్చిన మిషనరీ ఎరియాస్ ఉనాంగ్‌స్ట్ ఆ గడ్డుకాలంలో గుంటూరును నిలబెట్టారు. యుద్ధం ముగిశాక అమెరికా లూథరన్లు సిద్ధాంతాల దగ్గర తగువుపడి రెండుగా చీలారు. గుంటూరు ఒక వర్గం చేతిలో ఉండిపోయింది. రాజమండ్రిలోని మిషన్ క్షేత్రాన్ని ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే మాట నడిచింది. అప్పుడు హేయర్ తానే వెళ్తానని ముందుకొచ్చి, 76 ఏళ్ళ వయసులో 1869 డిసెంబరుకు రాజమండ్రి చేరి, పని చక్కదిద్ది, 1870లో వచ్చిన మిషనరీ ష్మిట్‌కు అప్పగించి 1871లో వెళ్ళారు. గుంటూరు సంఘాలకు, గోదావరి సంఘాలకు పాత కాగితాలు వేరువేరుగా ఎందుకుంటాయో ఈ చీలిక తెలిస్తేనే అర్థమవుతుంది.

1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో మరణించారు. సమాధి పెన్సిల్వేనియాలోనే ఉంది. గుంటూరులో చనిపోయింది ఆయన సహచరుడు వాల్టర్ గన్. 1844లో వచ్చి, 1851లో ఇక్కడే మరణించారు. ఆ ఇద్దరినీ కలిపేస్తున్నారని మా అభిప్రాయం.

అపోహ: గుంటూరులోని ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ, కుగ్లర్ ఆసుపత్రి, ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి), మూడూ ఆయన స్థాపించినవే.

వాస్తవం: తేదీలు చూస్తే చాలు. కాలేజీ 1885 నాటిది, అప్పటికి హేయర్ పోయి పన్నెండేళ్ళు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. వైద్య పట్టా ఉన్నా ఆమెను వైద్య మిషనరీగా నియమించడానికి బోర్డు మొదట్లో సిద్ధంగా లేదు. ఆసుపత్రి 1898లో తెరిచారు, 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. హేయర్ మందులిచ్చారు, వైద్యం చేశారు. అంతమాత్రాన ఆమె కట్టిన ఆసుపత్రిని ఆయన ఖాతాలో వేస్తే ఒక స్త్రీ జీవితకాలపు శ్రమను చెరిపేసినట్టే. ఇది మాకు చాలా బాధ కలిగించే తప్పు. ఏఈఎల్‌సీ విషయానికొస్తే, అమెరికాలో 1918లో లూథరన్ వర్గాలు కలిశాక, ఇక్కడి రెండు క్షేత్రాలూ దగ్గరై 1927లో అది ఏర్పడింది.

ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం అన్న లెక్క కూడా హేయర్‌ది కాదు. అది 1878 జూలై 3న, ధాత కరువు రోజుల్లో, ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో మిషనరీ క్లౌ కాలంలో జరిగింది.

సావనీరు వేసేవారికి కొన్ని పనికొచ్చే మాటలు. సంఘం ఏర్పడిన రోజు, గుడి పునాది రాయి వేసిన రోజు, గుడి ప్రతిష్ఠ జరిగిన రోజు, ఇవి మూడు వేరు. గోడ మీది పలక సాధారణంగా చివరి రెండింటిలో ఒకటే చెబుతుంది, దాన్ని సంఘ స్థాపన అనుకోవద్దు. తేదీ దొరికితే వారం సరిచూడండి: 1842 జూలై 31 ఆదివారం. ఎవరైనా శుక్రవారం అని రాశారంటే వాళ్ళు అసలు కాగితం చూడలేదన్నమాట.

1859లో గుంటూరు జిల్లాను తీసేశారు, 1904లో మళ్ళీ ఏర్పరిచారు. మధ్య కాలపు ప్రభుత్వ కాగితాల కోసం కృష్ణా జిల్లా కింద వెతకాలి. గురజాల ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది, పాత కాగితాల్లో అలా ఉండదు. ఇంగ్లీషులో గుంటూరు పేరు రెండు ‘ఓ’లతో రాసేవారు, ఆ స్పెల్లింగుతో కూడా వెతకండి. హేయర్ పేరు చాలాచోట్ల ‘సి.ఎఫ్.’ అన్న పొడి అక్షరాలతోనే ఉంటుంది.

బాప్తిస్మ రిజిస్టరు చూసేటప్పుడు ముందు అది అసలా, తిరగరాసిన ప్రతా తేల్చుకోండి. మొదటి నలభై పేజీలు ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే అది తిరగరాసిందే కావచ్చు. అలాంటివాటిలో 2, 7 తారుమారవుతాయి. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. లామినేషన్ అంతకంటే ప్రమాదం, మళ్ళీ విడదీయలేరు. కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పేజీ సంఖ్య పడేలా ఫొటో తీయండి. గుర్తులు పెట్టాల్సి వస్తే పెన్సిలుతో, అదీ విడి కాగితం మీద.