సాఫ్ట్ రోబోల వెనక వేలాడే ఆ ట్యూబు కథ

రబ్బరు, సిలికాన్ లాంటి మెత్తటి పదార్థాలతో చేసే సాఫ్ట్ రోబోల వీడియోలు చూసినప్పుడు రోబో వెనక నుంచి ఫ్రేము బయటికి పోయే సన్నటి ట్యూబునో వైరునో చాలామంది పట్టించుకోరు. నన్నడిగితే ఈ రంగం చరిత్రలో సగం అక్కడే ఉంది. కండరం చేయడం 1950లలోనే వచ్చేసింది, దానికి తిండి పెట్టడమే, అంటే శక్తి అందించడమే, ఇప్పటికీ తేలలేదు.

అప్పట్లో అమెరికాలో జోసెఫ్ మెక్‌కిబెన్ అనే భౌతిక శాస్త్రవేత్త, పోలియో బారిన పడిన తన కూతురి కోసం ఒక కృత్రిమ కండరం తయారుచేశాడు. రబ్బరు గొట్టం, దాని చుట్టూ అల్లిన జాలీ, అంతే. లోపలికి గ్యాస్ వదిలితే గొట్టం లావెక్కుతుంది, జాలీ దారాలు సాగవు కాబట్టి పొడవు తగ్గిపోతుంది, ఆ తగ్గడంలోనే లాగే బలం పుడుతుంది. ఇప్పటికీ ల్యాబుల్లో వాడుతున్నారు. గ్యాస్ మాత్రం బయట సిలిండర్ నుంచి రావాల్సిందే. 1961లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలోకి యూనిమేట్ అనే ఇనుప చేయి వచ్చాక పరిశ్రమ ఆ దారి పట్టింది. 1990 ప్రాంతంలో జపాన్‌లో తోషిబాకు చెందిన కోయిచి సుజుమొరి మూడు గాలి గదులున్న రబ్బరు వేళ్లు చేసినా, అందరి కళ్లూ ఇటు తిరిగింది 2011లో, హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం నాలుగు కాళ్ల సిలికాన్ రోబోను అడ్డంకి కింద నుంచి పాకించినప్పుడు. అదీ ట్యూబుతోనే. 2014లో ట్యూబు తీసేశారు కానీ, పంపునూ బ్యాటరీనీ మోయడానికి రోబోను 65 సెంటీమీటర్ల దాకా పెంచాల్సి వచ్చింది.

పురుగంత రోబోకు ఆ వెసులుబాటు ఎక్కడిది? ఆ సైజులో మామూలు మోటార్లలో రాపిడే శక్తిని తినేస్తుంది. అందుకే హార్వర్డ్‌లోనే రాబర్ట్ వుడ్ బృందం, రోబోబీ అనే తేనెటీగంత ఎగిరే రోబోకు కరెంటు ఇస్తే వంగే పీజోఎలక్ట్రిక్ పలకలు పెట్టింది. బరువు 80 మిల్లీగ్రాములు, రెక్కలు సెకనుకు 120 సార్లు కొట్టుకుంటాయి. 2013లో చెప్పినట్టు ఎగిరింది, కాకపోతే సన్నటి వైరు తగిలించుకుని. 2019లో సోలార్ సెల్స్‌తో వైరు లేకుండా లేచింది, అదీ ఎండకు దాదాపు మూడింతల వెలుగు పడితే, అర సెకను పాటే. ఇంత కష్టపడి సాధించిన ఆ అర సెకను నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

రెండో దారి, బ్యాటరీ మానేసి ఇంధనం పోయడం. 2016 నాటి ఆక్టోబాట్ అనే ఆక్టోపస్ ఆకారపు మెత్తటి రోబో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నడిచింది, అది ప్లాటినం తగిలి ఆక్సిజన్‌గా ఉబ్బి చేతుల్ని కదిలిస్తుంది. 2020లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేసిన రోబీటిల్ నాకు ఇంకా ఇష్టం. 88 మిల్లీగ్రాముల ఆ పురుగు మెథనాల్ తాగుతుంది. బరువు లెక్కన మెథనాల్‌లో బ్యాటరీ కంటే పదింతలకు పైగా శక్తి ఉంటుంది. వేడెక్కితే ముడుచుకునే నిటినాల్ అనే మిశ్రమ లోహపు తీగకు ప్లాటినం పూశారు, ఆ తీగ మీద దాని ఆవిరి మండగానే తీగ ముడుచుకుని కాళ్లను లాగుతుంది, అదే లాగుడుకు ఆవిరి వచ్చే కంతలు మూసుకుంటాయి, తీగ చల్లబడి సాగుతుంది, కంతలు తెరుచుకుంటాయి, మళ్లీ మొదలు. చిప్పు లేదు, వైరు లేదు.

కానీ పక్కకు తిరగమనో ఆగమనో దానికి చెప్పే ఏర్పాటు కూడా లేదు. రోబోబీ మాట వింటుంది, తిండి మోయలేదు. రోబీటిల్ తిండి మోస్తుంది, మాట వినదు. ఈ రెండూ ఒకే ఒంట్లో ఇమడాలి, అదీ చిటికెడు బరువులో.